లింగమూర్తి చెవీ, ఆసిఫాబాద్ వ్యానూ

లింగమూర్తి పేరును ఒక ముసలి వ్యాను మింగేసిందని ఆసిఫాబాద్‌లో ఇప్పటికీ కొందరు అంటుంటారు. అనేవాళ్లలో ఒక్కడు కూడా ఆ వ్యాను స్టీరింగు పట్టినవాడు కాడు. పట్టినవాణ్ని నేను. నా పేరు అంబదాసు. నాకు నోటి దురుసు ఎక్కువని ఊరంతా అంటుంది, అననివ్వండి. కానీ ఆ మనిషి గురించి తెలిసీ తెలియని మాట ఎవరైనా అన్నారంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. అందుకే జరిగింది జరిగినట్టు చెప్తున్నాను.

లింగమూర్తిది సుల్తానాబాద్. కమ్మరి ఇల్లు. తండ్రి నాగలి కర్రులు సాగగొట్టేవాడు, అన్న రాయమల్లు ఆ కొలిమి దగ్గరే ఉండిపోయాడు. ఈయనకు మాత్రం చిన్నప్పుడే మోటారు పిచ్చి పట్టింది. ఇంట్లో చెప్పకుండా హైదరాబాదు పోయి ఒక ఉస్తాద్ కింద పని నేర్చుకున్నాడు. పోలీసు యాక్షన్ అయిన తర్వాత పట్నంలో పని సాగక, భార్య బాలలక్ష్మిని వెంటబెట్టుకుని ఆసిఫాబాద్ వచ్చాడు. రైల్వే స్టేషనుకు పోయే రోడ్డు పక్కన ఒక గుడిసె, దాని ముందు ఒక పందిరి వేసుకున్నాడు. ఇల్లూ అదే, బండ్లు బాగుచేసే ఖార్ఖానా అదే. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఆ చెవి.

చెవి అని ఊరికే అనడం లేదు. ఆయన దగ్గర మూరెడు పొడుగు పేచ్‌కస్ ఉండేది. మరలు తిప్పే పేచ్‌కస్సే, కానీ దాన్ని ఆయన మరలకు వాడగా నేను చూడలేదు. దాని మొన ఇంజనుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి కళ్లు మూసుకునేవాడు. "మూడోది దగ్గుతున్నది" అనేవాడు. ఇంజను విప్పితే సరిగ్గా ఆ మూడో వాల్వే కాలిపోయి ఉండేది. వేరే మెకానిక్కులు సగం బండి విప్పి తల గోక్కునేచోట ఆయన ఒక బీడీ కాలేలోపు రోగం చెప్పేవాడు. ఆ చెవి కోసమే చొప్పదండి నుంచి కూడా లారీలు గోదావరి దాటి వచ్చేవంటే మీరు నమ్మరు.

ఇంకో వింత చెప్తాను. నేను స్టేషను నుంచి వస్తుంటే ఖార్ఖానాకు ముందు ఒక గట్టి మలుపు ఉంటుంది. బండి అక్కడికింకా రాకముందే ఆయన పని వదిలి రోడ్డు మీదికొచ్చి నిలబడి ఉండేవాడు. లోపల పొయ్యి మీద చాయ కాగుతూ ఉండేది. "నీ ఎడమ చక్రం మూలుగుతున్నదిరా అంబదాసూ, అర్ధమైలు కాడికెల్లే ఇన్న" అనేవాడు మొదట్లో. తర్వాత్తర్వాత దూరం నుంచే రోగం చెప్పడం తగ్గించాడు. రోడ్డు మీద నిలబడటం మాత్రం ఒక్కనాడూ తప్పలేదు. స్టేషనులో నలుగురు కూడితే నేను ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవాణ్ని.

ఇక వ్యాను సంగతి. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన బండి అది. దశరథం సేటు కొని, వెనక చెక్క డబ్బా కట్టించి, రెండు బెంచీలు వేయించాడు. ఆసిఫాబాద్ నుంచి స్టేషనుకు మనుషులూ మూటలూ, స్టేషను నుంచి ఊరికి మళ్లీ మనుషులూ మూటలూ. పత్తి కాలంలో బండికీ నాకూ ఊపిరాడేది కాదు. ఆ బండికి సామాన్లు ఏ దుకాణంలోనూ దొరకవు. ఎక్కడైనా దాని తోబుట్టువు లాంటి పాత బండి పాడుబడిందంటే దాన్ని విప్పి ఎముకలు తెచ్చుకోవాల్సిందే. ఆంధ్రప్రదేశ్ వచ్చిన నాలుగైదేళ్లకు, ఒక ఎండాకాలం, లింగమూర్తి అట్లాంటి రెండు బండ్లను విప్పి వాటి వెనక ఇరుసుల్లోని పళ్లచక్రాలు తెచ్చి పందిరి దూలానికి వేలాడదీశాడు.

ఇది కొంచెం వివరంగా చెప్పకపోతే మీకు అర్థం కాదు. వెనక ఇరుసు నడుమ గుమ్మడికాయంత ఇనుప బుర్ర ఒకటుంటుంది. దాని లోపల తాంబాళమంత పెద్ద పళ్లచక్రం, దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం. ఇంజను బలమంతా ఆ చిన్నదాని నుంచి పెద్దదానికి ఎక్కి చక్రాలకు పోతుంది. ఆ రెండూ తయారైనప్పుడే ఒకదానితో ఒకటి రాచి జత చేసినవి. ఇంకో బండి చిన్నదాన్ని తెచ్చి ఈ పెద్దదానికి పెడితే పళ్ల లెక్క సరిపోతుంది, బిగుస్తుంది, తిరుగుతుంది కూడా. కానీ కలవదు. వాటి మీద జత అంకెలు కొట్టి ఉంటాయి గానీ, ఈ పాతవాటి మీద అవి ఎప్పుడో తుప్పు పట్టి అరిగిపోయాయి. అందుకని లింగమూర్తి ఏ జతకు ఆ జతను ఇనుప తీగతో కలిపి కట్టి, పట్కారుతో ముడి పేని ఉంచాడు.

ఆ దసరాకు నేను చేతిలో జమ్మి ఆకు పెట్టి దండం పెట్టడానికి వాళ్లింటికి పోయాను. కమ్మరి ఇల్లు కదా, పనిముట్ల పూజ అంటే వాళ్లకు ప్రాణం. ఆ రోజు సుత్తె ముట్టరు, రేంచి ముట్టరు. పందిరి కింద అలికి ముగ్గేసి, సుత్తెలు, పట్కార్లు, రేంచీలు అన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. నడుమ ఆ నాలుగు పళ్లచక్రాలు. చింతపండుతో తోమి, పసుపు పూసి, ఒక్కో పంటికి ఒక్కో బొట్టు పెట్టి, దేవుడి పెళ్లికి ముస్తాబు చేసినట్టు ఉన్నాయి. బాలలక్ష్మి వదినె పక్కన నిలబడి మురిసిపోతున్నది.

"పొద్దుగాల్నుంచి గివే తోమిన తమ్మీ. తుప్పు పోవుటానికి చేతులు బొబ్బలెక్కినయి" అన్నది.

"మీ వదినె పెట్టినట్టు బొట్టు ఎవ్వలన్న పెడ్తరారా?" అన్నాడు లింగమూర్తి, నవ్వుతూ.

పండుగ పోయిన కొద్దిరోజులకే వ్యాను వెనక ఇరుసులో పళ్లు విరిగాయి. లింగమూర్తి దూలానికి వేలాడుతున్న ఒక జతను దించి బిగించాడు. వాళ్ల ఉస్తాద్ పద్ధతి ఒకటుంది. సింధూరాన్ని నూనెలో కలిపి పెద్దచక్రం పళ్లకు పూసి తిప్పితే, చిన్నదాని పన్ను ఎక్కడ తగులుతున్నదో అక్కడ రంగు చెరిగిపోయి ముద్ర కనబడుతుంది. ముద్ర పంటి నడిమధ్య పడితే జత కుదిరినట్టు.

"సింధూరం పెట్టవా అన్నా?" అని అడిగాను.

"నా చెవి ఉండంగ సింధూరం ఎందుకురా? తిప్పి ఇంట, అయిపాయె" అన్నాడు.

తిప్పాడు, పేచ్‌కస్ ఆనించి విన్నాడు. "పాలల్ల మీగడ లెక్క ఉన్నది, తోలుకపో" అన్నాడు.

తోలుకుపోయాను. ఊరి పొలిమేర కూడా దాటలేదు, మొదలైంది కూత. అబ్బ, ఏం కూత అది! సన్నగా, పైకి, ఆగకుండా. యాక్సిలేటరు నొక్కితే పెరుగుతుంది, కాలు తీస్తే గొంతు మార్చుకుంటుంది, మళ్లీ నొక్కితే మళ్లీ మొదలు. స్టేషనులో సీతాఫలాలు అమ్మే భూమవ్వ బుట్ట దించి చెవులు మూసుకుంది.

"ఏందిరో అంబదాసూ, నీ బండిని అత్తగారింటికి తోలుకపోతున్నవా ఏంది? గింతగనం ఏడుస్తున్నది!" అన్నది. బండిలో వాళ్లంతా ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది.

తిరిగి రాగానే లింగమూర్తితో చెప్పాను. పేచ్‌కస్ పెట్టి విన్నాడు, బండెక్కి నా పక్కన కూర్చుని ఊరి చివరి దాకా వచ్చాడు. నా చెవుల్లో ఆ కూత సూదిలా దిగుతుంటే ఆయన తాపీగా బీడీ ముట్టించాడు.

"ఏం లేదు. చక్రం బేరింగు జర గరగరంటున్నది, అంతే" అన్నాడు.

బేరింగు మార్చాడు. కూత పోలేదు. ఇంజను నుంచి ఇరుసుకు పోయే పొడుగు రాడ్డు కీళ్లు మార్చాడు. కూత పోలేదు. చిక్కటి నూనె పోశాడు. ఒక పూట గొంతు తగ్గినట్టే తగ్గి, మర్నాడు ఇంకా పైకి లేచింది. నేను చెప్పడం, ఆయన లేదనడం. ఒకరోజు ఇక ఉండబట్టలేక గట్టిగానే అడిగాను. పేచ్‌కస్ నేలకేసి కొట్టాడు.

"నాకు చెప్తున్నవారా, బండి సప్పుడు గురించి నాకు చెప్తున్నవా నువ్వు?" అని నా మీదికొచ్చాడు. బాలలక్ష్మి వదినె గుమ్మంలో నిలబడి ఉన్నది. నా వైపు చూసి, వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది. వదినె అట్లా ఎందుకు సైగ చేసిందో ఆ రోజు నాకు తట్టలేదు. కోపంతో ఇంటికి పోయి అన్నం కూడా తినలేదు నేను.

పత్తి కాలం సగంలో ఉండగా కూతకు తోడు గరగర మొదలైంది. దశరథం సేటు చెడ్డవాడు కాదు, ఇన్నేళ్లలో లింగమూర్తిని ఒక్క మాట అన్నవాడు కాదు. కానీ ఆ మధ్యాహ్నం స్వయంగా బండెక్కి ఖార్ఖానా దాకా వచ్చాడు. దిగీ దిగగానే అరిచాడు.

"లింగమూర్తీ, గీ బండి ఒర్రుడు బజారంత ఇంటున్నది. జనం ఎక్కుతలేరు. ఊరందరికి ఇనవడేది నీకొక్కనికే ఇనవడ్తలేదా? ఏమైందయ్యా నీ చెవికి?"

సేటు కోపంలో అన్నాడు. అందులో నిజం ఉందని ఆయనకూ తెలియదు. లింగమూర్తి జాకీ పెట్టి బండి లేపాడు. ఇరుసు బుర్ర విప్పాడు. "సింధూరం తే" అన్నాడు భార్యతో. ఆమె తెచ్చిన గిన్నెలో నూనె కలిపి పళ్లకు పూశాడు. చక్రం తిప్పాడు. వంగి చూశాడు.

నేనూ చూశాను. పంటి నడుమ సింధూరం చెక్కు చెదరలేదు. కొసకు మాత్రం, గోటితో గీసినట్టు సన్నటి గీత. అక్కడ ఇనుము చెక్కలు లేచి ఉంది.

లింగమూర్తి ఆ గీతను బొటనవేలితో రుద్ది చూశాడు. తర్వాత లేచి, దూలానికి వేలాడుతున్న రెండో జతను దించి తీగ ముడిని చూశాడు. ఆయన ముడి పట్కారుతో బిగించి పేనిన ముడి. ఇది చేత్తో తిప్పిన మెత్తటి ముడి.

"ఏమే, గీ తీగ ఎవలు కట్టిండ్రు?"

వదినె గుమ్మం పట్టుకుంది. "నేనే. పండుగనాడు తోముదామని ఇప్పిన. తీగల కింద తుప్పు పట్టి ఉండే. తోమి పూజ చేసి, మళ్ల ఒక పెద్దది ఒక చిన్నది చేసి కట్టిన. నాలుగు ఒక్క తీర్గనే ఉన్నయి గద..."

ఆయన అరుస్తాడనుకున్నాను. సేటు కూడా అనుకున్నాడేమో, ఒక అడుగు ముందుకు వేశాడు. లింగమూర్తి అరవలేదు. నెమ్మదిగా అడిగాడు.

"జత తప్పితే బండి కూస్తది. కూసిందా?"

ఆమె నా వైపు చూసింది.

"నిన్నే. కూసిందా?"

"కూసింది."

"నీకు ఇనవడ్డదా?"

"మొదటి దినమే ఇనవడ్డది."

"మరి నాకెందుకు చెప్పలే?"

వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ కొంగు తీసేసి, గట్టిగా, ఒక్కో మాటా ఆయన ముఖంలోకి చూస్తూ చెప్పింది. "ఏమని చెప్పాలె? నీకు సన్న సప్పుళ్లు ఇనవడక మూడు నాలుగేండ్లాయె. నాకెర్క. పిట్టలు కూస్తే ఇనవు. నేను కుండ పగలగొట్టుకున్ననాడు ఎనక్కి మళ్లి చూడలే. నీకు చెప్తే... నువ్వేం గావాలె?"

నాకు అప్పుడు తెలిసింది చాయ సంగతి. నా బండి మలుపు రాకముందే పొయ్యి మీద చాయ పెట్టేది ఎవరు? వదినె. నా బండి చప్పుడు వినేది ఆమె. పొయ్యి మీద చాయ గిన్నె చూసి, బండి వస్తున్నదని ఆయన లేచేవాడు. ఆయనకు తెలిసే చేశాడో, తెలియకుండానే అలవాటుపడ్డాడో ఆ దేవుడికే ఎరుక. నేను స్టేషను నిండా గొప్పలు చెప్పిన ఆ చెవి, ఎన్నాళ్ల నుంచో ఆమె చెవి. నేను పొయ్యి వైపు చూశాను. లింగమూర్తి కూడా పొయ్యి వైపే చూస్తున్నాడు.

సేటు గొంతు తగ్గించి, "పోనీ, సరైన జత పెట్టు లింగమూర్తీ" అన్నాడు.

లింగమూర్తికి అది వినబడలేదు. నేను దగ్గరికి పోయి మళ్లీ చెప్పాను.

"సరైన జత ఎక్కడిది?" అన్నాడు. "గీ పెద్దది గా చిన్నదానితోని తిరగాలె. గా పెద్దది గీ చిన్నదానితోని తిరగాలె. బండిల ఉన్న రెండు ఒకదాన్నొకటి కొరుక్కుని ఖరాబైనయి. దూలానికి ఉన్న రెండింటికి ఇగ మొగుడు లేదు, పెండ్లాం లేదు. రెండు జతలు పోయినయి సేటూ."

ఆ మాటతో బండి పని అయిపోయింది. మళ్లీ అట్లాంటి పాత బండి ఎక్కడ దొరుకుతుంది? సేటు కొన్నాళ్లు వెతికించాడు. తర్వాత స్టేషను దగ్గర పాత ఇనుము కొనేవాడికి వ్యాను బేరం పెట్టి, ఒక చిన్న లారీ తెచ్చుకున్నాడు. లారీకి పని పడితే మంచిర్యాల పంపేవాడు. లింగమూర్తిని ఏమీ అనలేదు. రోడ్డు మీద కనబడితే ఆగి పలకరించేవాడు, చెయ్యి ఊపి పోయేవాడు. అంతే. ఊళ్లో మాట పాకడానికి ఎంతసేపు? చొప్పదండి లారీలు రావడం మానేశాయి. ఒకటి రెండుసార్లు నేను పోయేసరికి ఆయన పేచ్‌కస్ పిడిని చెవికి కాకుండా పళ్ల మధ్య కరిచిపట్టి, ఎవరిదో మోటారు సైకిలు ముందు వంగి ఉన్నాడు. "వణుకుడు తెలుస్తున్నదిరా. సప్పుడు తెలుస్తలేదు" అన్నాడు నన్ను చూసి.

చివరికి సుల్తానాబాద్ పోతామన్నాడు. అన్న కొలిమి దగ్గర కర్రులు సాగగొట్టడానికి చెవి అక్కర్లేదు కదా. ఏ పని వదిలి పారిపోయి వచ్చాడో మళ్లీ ఆ పనికే పోతున్నాడు.

వ్యానును స్టేషను దగ్గర ఆ పాత ఇనుమువాడికి అప్పజెప్పాల్సిన రోజే వాళ్లూ బయలుదేరారు. రైలెక్కి పెద్దపల్లిలో దిగి పోవాలి. సామాను ఎంతని, రెండు మూటలు, ఒక పెట్టె. ముందు సీట్లో ముగ్గురం కూర్చున్నాం, వదినె మధ్యలో. పాడైన ఆ జతతోనే మెల్లగా తోలాను. అయినా ఆ కూత ఆగదు కదా. ఊరు దాటాము. ఖార్ఖానా పందిరి వెనక్కి పోతుంటే ఆయన తిరిగి చూడలేదు.

మలుపు దాటి కొంతదూరం పోయాక అడిగాడు. "కూస్తున్నదా?"

"కూస్తున్నదన్నా" అన్నాను. వినబడనట్టుంది. వదినె తల ఊపింది.

"ఎట్ల కూస్తున్నది?"

కూతను చేతులతో చూపిస్తామా, సైగ చేస్తామా? వదినె కాసేపు చెవి ఒగ్గి విన్నది. తర్వాత నోరు మూసుకునే, ముక్కుతో సన్నగా, ఆ బండి గొంతు పట్టుకుని కూయడం మొదలుపెట్టింది. లింగమూర్తి అటు తిరిగాడు. ఆమె ముఖం చూశాడు. చెయ్యి చాపి, ఇంజను మీద పెట్టినట్టు, అరచెయ్యి ఆమె గొంతు మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు.

నేను యాక్సిలేటరు నొక్కాను. బండి కూత పెరిగింది, ఆమె కూడా పెంచింది. కాలు తీశాను. బండి గొంతు మారింది, ఆమె కూడా మార్చింది.

"గిదేనా?" అన్నాడు. "గింతగనం కూసిందా? బేరింగు ఎట్లయితది ఇది? పండ్లదే. సాఫ్ చక్రం పండ్ల సప్పుడే. ఇది ఇన్నోడు ఎవడన్న బేరింగు మారుస్తడా?"

వదినె కూస్తూనే ఉన్నది. కళ్ల వెంట నీళ్లు కారి ఆయన చేతి మీద పడుతున్నాయి. ఆయన చెయ్యి తీయలేదు. ఇంకొంత దూరం అట్లాగే పోయాము. స్టేషను సిగ్నలు కనబడుతుండగా ఆమె కూత ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు ఆయన, కళ్లు తెరవకుండానే. "బండి ఆగిందా అంబదాసూ?"

ఆగలేదని చెప్పడానికి నేను చెయ్యి చాపి ఆయన మోకాలి మీద తట్టాను.